అరువు చేతులు

3వ తేదీ, సోమవారం

ఈ రోజు కూడా వార్డులో నేనొక్కదాన్నే. రెండో సిస్టర్‌ని ఆపరేషన్ థియేటర్‌కి పంపేశారు, అక్కడ మనిషి తక్కువట. ఇక్కడ నలభై మంచాలకి మనుషులు మరీ ఎక్కువైపోయారు కాబోలు. మేట్రన్‌కి ఫోన్ చేస్తే, నువ్వున్నావుగా, నాకేం దిగుల్లేదు అంది. ఏళ్ళ తరబడి ఈ ఒక్క మాటతోనే నా నోరు మూయిస్తోంది. కలిసి చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా సబ్బు అరగదీసినప్పుడు కూడా ఇలాగే పొగిడేది.

మూల మంచంలో దర్జీగారికి కొంచెం తెలివి వచ్చినట్టుంది. పిలిస్తే కళ్ళు తిప్పుతున్నాడు. పక్షవాతం వచ్చి చేరినప్పటి నుంచి మాట లేదు, మింగుడు పడదు. ముక్కులోంచి కడుపులోకి ట్యూబు వేసి పాలు పోస్తున్నాం. పోస్తున్నాం అని రాశాను గానీ పోసేది నేను కాదు, ఆయన భార్య. ఇలా ట్యూబు మీద ఉన్నవాళ్ళు వార్డులో ఎనిమిది మంది. అందరికీ రెండేసి గంటలకోసారి నేనే పోస్తూ కూర్చుంటే మిగతావాళ్ళకి మందులెవరిస్తారు, కట్లెవరు మారుస్తారు? అందుకని ఎవరి మనిషికి వాళ్ళ చేతే పోయిస్తాను. ఊరికే గిన్నె చేతిలో పెట్టెయ్యను, నేర్పిస్తాను. తల ఎత్తిపెట్టాలి. సిరంజితో వెనక్కి లాగి చూడాలి, కడుపులోని నీళ్ళు సిరంజిలోకి వస్తే ట్యూబు ఉండాల్సిన చోట ఉన్నట్టు. అప్పుడు మెల్లగా పొయ్యాలి. పోశాక కాసేపు పడుకోబెట్టకూడదు. చార్టులో మాత్రం నా సంతకమే ఉంటుంది. అన్ని వార్డుల్లోనూ ఇంతే. వార్డులో వాళ్ళు నాకు టీచరమ్మ అని పేరు పెట్టారు.

దర్జీగారి భార్య ఒక్కసారి చెబితే పట్టేసింది. కాజాలు కుట్టే చెయ్యి, వణకదు. మొన్న నర్సింగ్ కాలేజీ పిల్లలు బస్సు నిండా దిగారు. ఒక్క మంచం చుట్టూ ఇరవై మంది నిలబడితే వెనకవాళ్ళకి రోగి కాళ్ళు కూడా కనపడలేదు. ఎవరైనా ట్యూబు వేశారా అని అడిగితే, బొమ్మకి వేశాం మేడమ్ అన్నారు. బొమ్మ దగ్గదు, కక్కదు, మన చెయ్యి పట్టుకుని గిలగిల్లాడదు. మా ట్యూటరమ్మ మా చేత ఒకరికొకరికి ముక్కులో ట్యూబు వేయించింది. మేట్రన్ నా ముక్కులోంచి రక్తం తెప్పించింది. ఆ మంట ఎలా ఉంటుందో తెలుసు కాబట్టే ఈ రోజుకీ నా చెయ్యి మెత్తగా వెళ్తుంది. ఇప్పుడు అంత తీరిక ఎవరికీ లేదు. ఫీజులు కట్టారు, సర్టిఫికెట్లు ఇచ్చారు, వార్డుల మీదికి వదిలారు.

4వ తేదీ, మంగళవారం

మిరపకాయ్‌తో గొడవైంది. పక్క వార్డు కాంట్రాక్టు సిస్టర్‌కి నేను పెట్టుకున్న పేరు ఇది, ముఖాన ఎప్పుడూ అనలేదు. మంచి పనిమంతురాలు. నేను వేసుకునే తెల్లబట్టలే వేసుకుంటుంది, నేను చేసే డ్యూటీయే చేస్తుంది. జీతం మాత్రం నాదాంట్లో సగం కూడా లేదు. లిఫ్టు నడిపే అతనికి తనకంటే ఎక్కువని ఈ మధ్యే తెలిసిందట, అప్పటి నుంచి మెట్లెక్కే వస్తోంది. ఇక్కడ డ్యూటీ అయ్యాక ఇంకో చిన్న ఆస్పత్రిలో పనిచేస్తుంది. మధ్యాహ్నం మందుల బీరువాకి ఆనుకుని నిలబడే కునుకు తీస్తుంది.

కాంట్రాక్టు వాళ్ళందరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారట. సమ్మె కాదు. చెయ్యగలిగినంత పని సక్రమంగా చేస్తారు, చెయ్యలేనిది చేశామని రాయరు. చేయలేదు, మనిషి లేదు అని రాస్తారు. నన్ను కూడా కలవమంది. పర్మినెంటు వాళ్ళు ఒకరైనా ఉంటే బలమట.

నేను కుదరదన్నాను. రోగి ఆకలితో పడి ఉంటే చేయలేదు అని రాసి చేతులు దులుపుకోవడం నాకు రాదు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, మా కాలంలో జీతం కోసం కాదు ఈ బట్టలు వేసుకున్నది అని కూడా అన్నాను. అబద్ధం. జీతం కోసమే వేసుకున్నాను. మా నాన్న చేతిలో మొదటి జీతం పెట్టిన రోజు ఇప్పటికీ గుర్తుంది.

మిరపకాయ్ మందుల ట్రే కింద పెట్టి, గొంతు పెంచకుండా అంది.

“వాళ్ళు మనుషుల్ని ఎందుకు వెయ్యట్లేదో తెలుసా సిస్టర్? మీవల్లే. జీతం లేని నర్సుల్ని ఎనిమిది మందిని మీరు తయారుచేసి పెట్టారు. జీతమిచ్చి ఒక్కరిని ఎందుకు వేస్తారు?”

5వ తేదీ, బుధవారం

ఆ మాట ఇంకా మండుతోంది. పేరు సరిగ్గానే పెట్టాను.

6వ తేదీ, గురువారం

మా ఆయన ఇవాళ పొద్దున్నే డ్యూటీ నుంచి తిరిగొచ్చేశారు. బ్రేకులు మెత్తగా ఉన్నాయని బస్సు డిపోలోంచి తియ్యనన్నారట. మేనేజర్ నానా మాటలూ అన్నాడట. ఈయన తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశారు. నడిపి గుద్దితే తప్పు డ్రైవర్‌ది, నడపనంటే డ్రైవర్ మొండివాడు, మొండివాడు అనిపించుకోవడమే నయం అని సమాధానం చెప్పారట. ఈయన మొండితనం గురించి నాకు ఒకళ్ళు చెప్పాలా?

మిరపకాయ్ అన్న మాట చెప్పాను. నా వైపు మాట్లాడతారనుకున్నాను. కాసేపు ఆలోచించి, ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మీరు బస్సు తియ్యకపోతే జనం స్టాపులో నిలబడతారు, నేను వార్డు తియ్యకపోతే జనం చచ్చిపోతారు అన్నాను.

“బ్రేకుల్లేకుండా తీస్తే?” అన్నారు.

కంచం ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టాను. దర్జీగారు ఈ రోజు భార్య చెయ్యి నొక్కాడు. ఆమె నన్ను పిలిచి చూపించింది. అది చూసి కళ్ళు చెమర్చాయి. ఇలాంటివి బస్సు తోలేవాళ్ళకి ఏం తెలుస్తాయి?

7వ తేదీ, శుక్రవారం

పొద్దున పాలు పోస్తుండగా దర్జీగారికి దగ్గు మొదలై ఆగలేదు. పెదాలు నల్లబడ్డాయి. పరుగెత్తి వెళ్ళి మెషీన్‌తో గొంతులోది లాగితే పాలే వచ్చాయి. ఆక్సిజన్ పెట్టాను, డాక్టర్ని పిలిచాను, ఐసీయూకి మార్చారు. ట్యూబు సగం పైకి జారి ఉంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి.

చెయ్యాల్సినవన్నీ చేశాను. ఆలస్యం చెయ్యలేదు.

8వ తేదీ, శనివారం

తెల్లవారి ఒళ్ళు తుడిచేటప్పుడు ముక్కు మీద అతికించిన పట్టీ తడిసి ఉంటుంది. అలా తడిస్తే ఊడి ట్యూబు జారుతుంది. అది మామూలే. ఆమె చూసుకుని పొయ్యాల్సింది. వెనక్కి లాగి చూడకుండా పొయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను. రోజూ చెప్పాను. నిన్న కూడా చెప్పాను. నిన్న చెప్పానో లేదో గానీ అంతకు ముందు రోజు తప్పకుండా చెప్పాను. ఎంత నేర్పినా మనుషులన్నాక ఒక్కోసారి తొందరపడతారు.

ఆ సమయానికి నేను అవతలి చివర ముసలాయనకి సెలైన్ సూది గుచ్చడానికి నరం దొరక్క అవస్థ పడుతున్నాను. ఆమె ఏదో అడిగినట్టుంది. వార్డంతా గోల, ఎవరు ఏం అడిగారో అన్నీ వినపడతాయా?

9వ తేదీ, ఆదివారం

సెలవు. దుప్పట్లన్నీ ఉతికాను. మురికివి కానివి కూడా ఉతికాను. ఐసీయూకి ఫోన్ చెయ్యలేదు.

చేశాను. అలాగే ఉన్నాడట.

10వ తేదీ, సోమవారం

ఐసీయూ తలుపు దగ్గర గోడకి ఆనుకుని ఆమె నేల మీద కూర్చుని ఉంది. మూడు రోజులుగా అక్కడే ఉందట, ఏమీ తినలేదట. పక్కన మరిది నిలబడి ఉన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే దుకాణం, పక్కపక్క మిషన్లు. చిన్న డాక్టరు ఆ రోజు అందరి ముందూ, పాలు పోసింది ఎవరు అని అడిగాడట. నేనే అని చెప్పిందట ఆమె. అంతే, అప్పటి నుంచి మరిది అదే పట్టుకున్నాడు. నేను అక్కడ ఉండగానే అన్నాడు, చేతులారా చంపుకుంటోందని. వచ్చేపోయేవాళ్ళందరూ ఆగి చూశారు.

ఆమె నా వైపు చూసింది. నేను వీళ్ళకి ఏదో చెబుతానని చూసిందో, ఊరికే చూసిందో.

ఏమైనా తినమ్మా అన్నాను. వార్డులో పనుందని వచ్చేశాను. పని నిజంగానే ఉంది.

11వ తేదీ, మంగళవారం

దర్జీగారు పోయాడు.

12వ తేదీ, బుధవారం

మేట్రన్ తన గదికి పిలిచి తలుపు వేసింది. టీ తెప్పించింది. తను టీ తెప్పించిందంటే ఏదో ఉందనే అర్థం.

విచారణ ఉంటుందట, పై వాళ్ళు అడిగారట. భయపడాల్సిందేమీ లేదట. రోగి బంధువు సిస్టర్‌కి చెప్పకుండా, సొంతంగా పాలు పోసింది అని కాగితం తయారుచేసి పెట్టింది. నేను కింద సంతకం పెడితే చాలు. ఆమె మీద కేసేమీ ఉండదు, అది లోపలి కాగితం, ఆమె దాకా పోనే పోదు అంది.

“నీకు రిటైర్మెంటు ఎంతో లేదు. పెన్షను పోగొట్టుకుంటావా ఏమే? ఆవిడకి మొగుడెలాగూ పోయాడు. నీకేదో అయితే ఆయన తిరిగొస్తాడా?”

తను చెడ్డది కాదు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల రోజులు నా బట్టలుతికింది. నా కోసమే చెబుతోంది. తన కోసం కూడా. వార్డుకి ఒక్క మనిషినే వేసింది తనే. తన పైవాళ్ళు ఇంతకంటే ఇవ్వం పొమ్మన్నారు. మా గొలుసులో పైనుంచి ఎవరికి వాళ్ళు పనిని కింది మనిషి చేతిలోకి తోసేస్తాం. నా కింద ఎవరూ లేరు కాబట్టి నేను దర్జీగారి భార్య చేతిలోకి తోశాను.

ఆలోచించి చెబుతానన్నాను. టీ తాగకుండా వచ్చాను.

13వ తేదీ, గురువారం

ఆమె అడిగింది.

ఏం అడిగిందో మొదటి నుంచీ నాకు తెలుసు. గుర్తులేదని రాసుకుంటే గుర్తులేకుండా పోతుందేమో అనుకున్నాను.

“సిస్టరమ్మా, లాగితే ఏమీ రావట్లేదు. ట్యూబు కూడా బయటికి పొడుగ్గా ఉన్నట్టుంది. ఒకసారి వచ్చి చూస్తారా?” అంది.

ఒక్కోసారి రాదమ్మా, ఫర్వాలేదు, పొయ్యి అన్నాను. అవతలి చివర నుంచి. మొహం కూడా అటు తిప్పకుండా అన్నాను.

ఆమె ఇంకోసారి ట్యూబు వైపు చూసి ఉంటుంది. నేను చూడలేదు కాబట్టి తెలియదు. సరేనని పోసింది.

ఇది కొత్త సిస్టర్ నోట్లోంచి వచ్చే మాట కాదు. కొత్తపిల్ల అయితే భయపడి వచ్చి చూసేది. ఒక్కోసారి సిరంజిలోకి ఏమీ రాదని, చాలాసార్లు దానివల్ల ఏమీ కాదని తెలిసినదానికే ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది. దీన్నే అనుభవం అంటారు. దీనికే నాకు ఏడాదికోసారి జీతం పెరుగుతుంది.

ఆమె తప్పేమీ లేదు. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. లాగి చూడమన్నాను, చూసింది. అనుమానం వస్తే సిస్టర్‌ని పిలవమన్నాను, పిలిచింది.

14వ తేదీ, శుక్రవారం

గోడకి కొత్త కాగితం అంటించారు. రోగుల బంధువులు ఎవరూ ట్యూబులు ముట్టుకోకూడదట, అన్నీ నర్సులే చెయ్యాలట. మంచిదే. నర్సుని మాత్రం ఒక్కరిని కూడా అదనంగా వెయ్యలేదు. బంధువులు ఇప్పుడు తెర లాగి పోస్తున్నారు. నేను చూస్తే ఆపేస్తానని, పొయ్యకపోతే రోగికి ఆకలని వాళ్ళ భయం. తెర వెనక సిరంజి చప్పుడు వినపడితే వెళ్ళి తెర తీశాను. ఈ రోజు మిగిలిన ఏడుగురికీ నేనే పోశాను. మధ్యాహ్నం ఇంజెక్షన్లు సాయంత్రానికి గానీ అందలేదు. ఒక పెద్దమనిషి నన్ను సోమరిదానా అని తిట్టాడు.

మిరపకాయ్ పక్కకి వచ్చి నిలబడింది. విచారణలో నలభై మందికి ఒక్కరమే అని గట్టిగా చెప్పండి సిస్టర్, ఇదే అవకాశం అంది. నిజమే చెప్పమంటోంది. ఆమె మాటల్లో అన్యాయమేమీ లేదు. అయినా నాకు కష్టంగా అనిపించింది. ఒక మనిషి పోయాడు, ఒక ఆడమనిషి తన చేతుల్ని చూసుకుని కుమిలిపోతోంది, ఇది అవకాశమా? ఆ మాటే అన్నాను. మిరపకాయ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇలాంటిది నాకు జరిగితే నన్ను రేపట్నించి రావొద్దంటారు సిస్టర్. మీరు చెబితే కనీసం వింటారు,” అంది.

ఈ పిల్లకి అలాంటి పేరు పెట్టి ఉండాల్సింది కాదు.

17వ తేదీ, సోమవారం

విచారణ అయింది. సూపరింటెండెంట్, మేట్రన్, లెక్కల ఆఫీసరు కూర్చున్నారు. వార్డులో నర్సు ఏం చేస్తుందో తేల్చడానికి లెక్కల ఆఫీసరు ఎందుకో ఎవరూ అడగలేదు.

మేట్రన్ కాగితం నా ముందుకి జరిపి పెన్ను కూడా మూత తీసి ఇచ్చింది. నేను సంతకం పెట్టనన్నాను. ఆమె సొంతంగా పొయ్యలేదు, నన్ను పిలిచింది, నేను వెళ్ళి చూడకుండా పొయ్యమన్నాను అని చెప్పాను. మేట్రన్ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

లెక్కల ఆఫీసరు, వెళ్ళి చూసి రావడానికి ఎంతసేపు పడుతుంది అని అడిగాడు. ఒక నిమిషం అన్నాను. ఇంత సర్వీసున్న మీకు ఒక్క నిమిషం లేకపోయిందా అన్నాడు. అప్పుడు చెప్పాను. నలభై మంచాలు, ఒక్క నర్సు, ఎనిమిది ట్యూబులు, వాటన్నిటికీ చార్టులో నా దొంగ సంతకాలు. బంధువుల చేత పని చేయించడం ఈ ఆస్పత్రిలో అందరికీ తెలుసని, రౌండ్లకి వచ్చినప్పుడు సూపరింటెండెంట్ గారే దర్జీగారి భార్యని భేష్ అన్నారని చెప్పాను. నర్సింగ్ కాలేజీ పిల్లల సంగతి, మిరపకాయ్ జీతం సంగతి కూడా చెప్పాను. ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకుని ఉన్నదాన్ని, ఒక్కసారి తెరిచాక ఆగలేదు.

ఆ నిమిషంలో మీరు ఏం చేస్తున్నారు అని సూపరింటెండెంట్ అడిగారు. అవతలి చివర ముసలాయనకి నరంలోకి సూది ఎక్కిస్తున్నానని చెప్పాను. అది రాసుకున్నారు. ముసలాయనకి సూది నేనే ఎక్కించాను, అది నిజమే.

18వ తేదీ, మంగళవారం

నిర్ణయం వచ్చేదాకా డ్యూటీకి రావొద్దన్నారు. పెన్షను సంగతి తర్వాత తేలుతుందట. మేట్రన్ ఫోన్ చేసి నువ్వింత పని చేస్తావనుకోలేదు అని పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ చేసింది. ఇద్దరం ఫోన్ పట్టుకుని ఊరుకున్నాం.

వార్డుకి ఇద్దరు సిస్టర్లని వేశారట. మిరపకాయ్ చెప్పింది. తాత్కాలికంగానట. సంతోషంగా చెప్పింది, చెప్పాక సంతోషించినందుకు నొచ్చుకుంది.

మా ఆయన నా చెయ్యి పట్టుకుని, మంచి పని చేశావు, నిజం చెప్పేశావు, ఇంక దిగులుపడకు అన్నారు. చేతిని కాసేపు అలాగే ఉంచి, అన్నం వడ్డించడానికి లేచాను.

20వ తేదీ, గురువారం

దర్జీగారింటికి వెళ్ళాలి. విచారణ గదిలో చెప్పింది ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. అక్కడ రాసుకున్నది వాళ్ళ ఇంటి దాకా ఎవరూ తీసుకెళ్ళరు. ఆ మరిది ఇంకా అంటూనే ఉంటాడు, ఆమె ఇంకా పడుతూనే ఉంటుంది.

రేపు వెళ్తాను.

21వ తేదీ, శుక్రవారం

వెళ్ళలేదు. వాన.

22వ తేదీ, శనివారం

వెళ్ళాను.

ఇంటి ముందు గదే దుకాణం. రెండు మిషన్లున్నాయి, ఒకటి మీద గుడ్డ కప్పి ఉంది. మరిది రెండోదాని మీద కుడుతున్నాడు. గోడ పొడవునా సగం కుట్టిన చొక్కాలు వేలాడుతున్నాయి. వాటికి కాజాలు లేవు. ఆమె లోపలి గుమ్మం దగ్గర గోడకి చేరబడి కూర్చుని ఉంది. ఐసీయూ తలుపు దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వదిన ఆ రోజు నుంచి సూది ముట్టుకోలేదు, ఇంక ఈ చేతులు దేనికీ పనికిరావు అంటోంది అని మరిదే చెప్పాడు. ఆ మాట తన నోట్లోంచి ఆమె నోట్లోకి వెళ్ళిందని అతనికి తట్టినట్టు లేదు.

లోపలికి వెళ్ళకముందే, గడప దగ్గరే నిలబడి చెప్పేశాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

“తప్పు మీ వదినది కాదు బాబూ. ఆమె నన్ను పిలిచింది. ట్యూబు జారినట్టుంది, వచ్చి చూడమంది. నేను వెళ్ళలేదు. పొయ్యమన్నది నేనే.”

అతని కాలు మిషన్ మీద ఆగిపోయింది. తల ఎత్తి నన్ను చూశాడు, వదినని చూశాడు. చేతిలో ఉన్న చొక్కాని మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. వదినా అని పిలిచాడు. ఆమె పలకలేదు. చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె నన్నే చూస్తోంది.

“అయితే ట్యూబు జారిందని నేను చూసింది నిజమేనా సిస్టరమ్మా?”

“నిజమే. నువ్వు సరిగ్గానే చూశావు.”

“మీరు అంత ధైర్యంగా చెప్పేసరికి నా కళ్ళే తప్పు చూశాయనుకున్నా. ఇన్ని రోజులూ అదే అనుకుంటున్నా.”

అప్పుడు ఏడ్చింది. దర్జీగారు పోయిన రోజు కూడా ఆమె కంట నీరు రాలేదని ఐసీయూ సిస్టర్లు చెప్పుకున్నారు. ఇప్పుడు నోట్లో కొంగు కుక్కుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలనుకున్నాను. వార్డులో అయితే వేసేదాన్నే. ఇక్కడ ఆ హక్కు నాకుందో లేదో తెలియక నిలబడిపోయాను.

నిజం రాసుకోవాలంటే, నేను ఒక మాట కోసం ఎదురుచూస్తున్నాను. మీరు మాత్రం ఏం చేస్తారు సిస్టరమ్మా, అంతమందిని ఒక్కరే చూడాలి కదా అని అంటుందనుకున్నాను. వార్డులో అందరూ ఆ మాటే అంటారు. మందు ఆలస్యమైనా, పక్క తడిసిపోయినా, ఆ మాటే అని సర్దుకుంటారు. సగం ఆ మాట కోసమే అక్కడిదాకా వెళ్ళానేమో.

ఆమె అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

“మరి మీరెందుకు రాలేదు?” అంది.

కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగింది. ట్యూబు గురించి నేర్పేటప్పుడు కూడా ఇలాగే అడిగేది, పోశాక ఎందుకు పడుకోబెట్టకూడదు, పాలు ఎందుకు వేడిగా ఉండకూడదు అని.

నలభై మంచాలమ్మా అని మొదలుపెట్టాను. ఒక్కదాన్నే అన్నాను. ఆమె వింటూ తల ఊపింది. అది ఆమెకి తెలియనిది కాదు, నాతోపాటు ఆ వార్డులో పని చేసింది. తల ఊపి, ఇంకా నా వైపే చూస్తూ ఉంది. కమిటీ ముందు చెప్పింది నోటిదాకా వచ్చింది. ముసలాయన, నరం. ఆమె కూడా ఆ రోజు అక్కడే ఉంది. చూసే ఉంటుంది.

“సూది ఎక్కించడం అప్పటికే అయిపోయింది,” అన్నాను. “పొద్దున్నించి నిలబడి కాళ్ళు పీకుతుంటే అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. చెప్పులు కూడా విడిచాను. నువ్వు పిలిచినప్పుడు లేవలేకపోయాను.”

“లేవలేకపోయారా?”

నేను మాట దిద్దుకున్నాను.

“లేవలేదు.”

ఆమె నా పాదాల వైపు చూసింది. చాలాసేపు చూసింది. గోడ పక్కన కుర్చీ ఉంది. కూర్చోమని ఆమె అనలేదు. నేను గడప దగ్గర అలాగే నిలబడి ఉన్నాను.